పట్టుకోవడానికి ఒక పైపు

దండీలు తీయడానికి నేల చాలు. బస్కీలకూ అంతే. పేదవాడికి దేవుడనండి, అల్లా అనండి, ఉచితంగా ఇచ్చిన వ్యాయామశాల నేల ఒక్కటే. చాప పరిచేంత జాగా దొరికితే ఛాతీ గట్టిపడుతుంది, భుజాలు గట్టిపడతాయి, తొడలు గట్టిపడతాయి. మరి వీపు? వీపు గట్టిపడాలంటే దేన్నో ఒకదాన్ని పట్టుకుని లాగాలి. తలపైన, చెయ్యి చాస్తే అందేంత ఎత్తులో, మన బరువు మోసేది ఒకటి ఉండాలి. దాన్ని ఎవరో ఒకరు ముందే పాతి ఉంచాలి. ఫౌజు ర్యాలీలో దాన్ని బీమ్ అంటారు. కాలేజీ పిల్లలు పులప్స్ అంటారు. మా అంబర్‌పేట బస్తీలో మేం మాత్రం ‘లటక్‌నా’ అనేవాళ్లం. వేలాడటమన్నమాట.

ఇదేదో కండల ముచ్చట, మనకెందుకు అనుకోకండి. ఇది మా ముచ్చటే. ముస్లిం పిల్లలు పైకి రావడం లేదని అందరూ అంటారు. మావాళ్లూ అంటారు, మీవాళ్లూ అంటారు. చదవరంటారు, కష్టపడరంటారు, నౌకరీలకు ప్రయత్నించరంటారు. పైకి రావడమంటే ఏమిటో వేలాడినవాడికి బాగా తెలుస్తుంది. ఎంత బలమున్నవాడైనా గాలిని పట్టుకుని పైకి రాలేడు.

మాది రేకుల ఇల్లు. రెండు గదులు. తొంభైల మొదట్లో నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఫౌజులో చేరాలన్న పిచ్చి పట్టింది. బీమ్ మీద పది లాగితే పూర్తి మార్కులని ఎవరో చెప్పారు. ఆ లెక్క చాలా ఏళ్ల పాటు నడిచింది. పదికి 40 మార్కులు, తొమ్మిదికి 33, ఎనిమిదికి 27, ఏడుకు 21, ఆరుకు 16. ఆరు కూడా లాగలేకపోతే ఇంటికే. మిగిలిన 60 మార్కులు పదహారు వందల మీటర్ల పరుగువి. పరుగుకు రోడ్డు ఉంది. బీమ్‌కు ఏముంది? మా ఇంటి రేకుల కింద ఉన్న కర్ర పిల్లి దూకితేనే కదిలేది. తలుపు చట్రం మా అమ్మీ ఎత్తుకే ఉండేది. దాని మీద వేలాడితే తలుపు కాదు, గోడే వచ్చేది.

అంబర్‌పేటలో పోలీసు లైన్లున్నాయి. తెల్లవారుజామున గోడ అవతల పరేడ్ విజిల్ వినబడేది. బూట్ల చప్పుడు వినబడేది. ఇవతల మేం నలుగురం, కాళ్లకు హవాయి చెప్పులు. ఒకడు మేస్త్రీ కొడుకు, ఒకడు మటన్ దుకాణంలో పనిచేసేవాడు, ఒకడు మాదిగ పిల్లవాడు, నేను పంక్చర్ దుకాణం నడిపేవాడి కొడుకుని. ఈ రోజుల్లో మమ్మల్ని తిట్టడానికి ‘పంక్చర్‌వాలా’ అంటున్నారు. అవును, మా అబ్బా పంక్చర్‌వాలానే. ఆయన అతికిన ట్యూబుల మీద ఈ ఊళ్లో ఎంతమంది ఆఫీసులకు పోయారో లెక్కలేదు.

మేం మొదట చెట్లు పట్టుకున్నాం. మునగ కొమ్మ అందంగా, చేతికి సరిపోయేంత లావుగా ఉంటుంది. దాన్ని నమ్మొద్దని మా నానీ చెప్పింది. మునగ చెట్టు పట్టుమని విరుగుతుంది. చింతకొమ్మ ఆగుతుంది, వేపకొమ్మ లావుదైతే ఆగుతుంది. కానీ చెట్టు బెరడు అరచేతుల్ని కోస్తుంది. పైగా కొమ్మ ఎప్పుడూ ఒక పక్కకు వాలి ఉంటుంది. ఒక భుజం ఎక్కువ పనిచేస్తుంది, ఒకటి తక్కువ. తర్వాత మేస్త్రీ కొడుకు దయవల్ల సెంట్రింగ్ పైపు దొరికింది. స్లాబు పోసే ఇల్లు ఎక్కడుంటే అక్కడ మాకు జిమ్. స్లాబు ఆరి, సెంట్రింగ్ విప్పేస్తే మా జిమ్ కూడా విప్పేసేవాళ్లు. అలా ఒక్క సంవత్సరంలో ఎన్ని ఇళ్లు మారామో! వాటిలో ఒక్క ఇల్లూ మాది కాదు.

పైపు దొరికినంత మాత్రాన ఎవడూ మొదటిరోజే పైకి పోలేడు. ఊరికే వేలాడి, కాళ్లు కొట్టుకుని, నవ్వులపాలై దిగిపోతాడు. మాకు నేర్పడానికి ఉస్తాద్ లేడు. చేసి చేసి తెలుసుకున్నాం. ఇప్పుడెవరైనా పిల్లలు చదువుతారేమోనని రాస్తున్నాను.

మొదట వేలాడటమే నేర్చుకోవాలి. పది సెకన్లతో మొదలుపెట్టి నలభై దాకా పోవాలి. అప్పుడు చేతిపట్టు వస్తుంది. తర్వాత మోచేతులు వంచకుండా భుజం పలకలను మాత్రం కిందికి, వెనక్కి లాగాలి. ఒళ్లు రెండంగుళాలు లేస్తుంది, అంతే. చూసేవాళ్లకు ఏమీ చేస్తున్నట్టుండదు. అసలు పని అక్కడే ఉంది. ఆ తర్వాత స్టూలో, సైకిలు క్యారియరో ఎక్కి గడ్డం పైపు మీదికి తెచ్చుకుని, కాళ్లు వదిలేసి, ఐదు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. ఎక్కలేనివాడు కూడా దిగగలడు. దిగడంలోనే ఎక్కే బలం వస్తుంది. ఇలా ఐదుసార్లు. రోజు విడిచి రోజు. రోజూ చేస్తే తొందరగా వస్తుందనుకుంటారు. రాదు, మోచేతులు పట్టుకుంటాయి. కండ పెరిగేది మనం లాగేటప్పుడు కాదు, తిని పడుకున్నప్పుడు.

పైపు లేని రోజున తోపుడు బండి ఉంది. రాత్రి పండ్లన్నీ దించాక బండి చక్రాలకు రాళ్లు పెట్టి, పైన ఇద్దర్ని కూర్చోబెట్టి, కిందికి దూరి, అంచు పట్టుకుని ఛాతీని బండికి తగిలించాలి. మడమలు నేల మీదే ఉంటాయి కాబట్టి సగం బరువే లాగుతాం. వీపుకు అది మొదటి పాఠం.

ఇక ట్యూబు. ఇది మా అబ్బా చెప్పింది. ఆయన ఒక్కరోజు కూడా కసరత్తు చేసినవాడు కాదు. ఒక సాయంత్రం నేను పైపుకు గబ్బిలంలా వేలాడుతుంటే చూసి, దుకాణంలోంచి రెండు పాత సైకిలు ట్యూబులు తెచ్చి పైపుకు ఉరి వేసినట్టు కట్టాడు. కింది చివర మోకాలు పెట్టమన్నాడు. ఒంటి బరువుకు ట్యూబు సాగింది. లాగినప్పుడు అది నన్ను పైకి తోసింది. జీవితంలో మొదటిసారి నా గడ్డం పైపు దాటింది. “నువ్వే లాగావు బేటా, ట్యూబు కొంచెం మోసింది అంతే” అన్నాడు. నెల రోజులు రెండు ట్యూబులు. తర్వాత నెలన్నర ఒకటే. ఆ తర్వాత అదీ తీసేశాం.

2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చినప్పుడు, “వీళ్లకు ఊతకర్రలెందుకు” అని చాలామంది అడిగారు. నాకు మా అబ్బా ట్యూబు గుర్తొచ్చింది. ట్యూబు నా బదులు ఎక్కలేదు. నా చేతులకు బలం వచ్చేదాకా నా బరువులో కొంత మోసింది. ఊతకర్ర అని వెక్కిరించేవాళ్లలో ఎందరి ఇళ్లల్లో తాతల నాటి నిచ్చెనలు లేవు?

అబ్బా సాయం చేశాడుగానీ అమ్మీకి ఇష్టం లేదు. అందరి ఇళ్లల్లో పిల్లలు బక్కగా ఉంటే తల్లులు బాధపడతారు. మా అమ్మీ నా భుజాలు వెడల్పయ్యే కొద్దీ బాధపడింది. “బాడీ నక్కో బనా రే బేటా, నజర్ మే ఆజాతా” అనేది. ఒళ్లు పెంచకురా, కళ్లల్లో పడతావు అని. ఆమె చెప్పేది దిష్టి గురించి కాదు. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ ఎలా తగలబడిందో ఆమె చూసింది. 1992 డిసెంబర్ 6 తర్వాతి కర్ఫ్యూ రాత్రులు చూసింది. వీధిలోకి జీపు వస్తే ముందు ఎవర్ని తీసుకుపోతారో ఆమెకు తెలుసు. ముసలివాళ్లను కాదు, బక్కవాళ్లను కాదు. వయసులో ఉండి, కాస్త ఛాతీ ఉన్నవాణ్ణి. ఒకే కండ ఒకడి ఒంటిమీద ఉంటే ఆరోగ్యం, మా ఒంటిమీద ఉంటే అనుమానం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయినవాళ్లూ మావాళ్లే, ఆ తర్వాత ఎత్తుకుపోయి చిత్రహింసలు పెట్టిందీ మా పిల్లల్నే. వాళ్లు తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. కోల్పోయిన ఏళ్లను ఏ కోర్టూ తిరిగివ్వలేదు. మా అమ్మీ చదువుకోలేదుగానీ ఈ లెక్క ఆమెకు ముందునుంచే వచ్చు.

డిగ్రీ అయ్యాక ఉస్మానియాలో ఎం.ఏ.లో చేరాను. అంబర్‌పేట నుంచి విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగా నడిచే పోయేవాణ్ణి. తెల్లవారుజామున ఆ క్యాంపస్ పరిగెత్తేవాళ్లతో నిండి ఉండేది. ఇప్పటికీ అంతే. వరంగల్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చిన పిల్లలు. కానిస్టేబుల్‌కు, ఎస్సైకి, ఫౌజుకు తయారయ్యేవాళ్లు. రైతుల పిల్లలు, కూలీల పిల్లలు. వాళ్లను చూస్తే నాకు ధైర్యంగా ఉండేది. కారణం, వాళ్లకూ ఏమీ లేదు. చెట్టుకు వేలాడేది నేనొక్కణ్ణే కాదు.

ఆ యూనివర్సిటీని 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలుపెట్టారు. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో పూర్తయింది. ఆ మెట్ల ముందు నిలబడితే ఇంత పెద్దది మనది కూడా అనిపిస్తుంది. వెంటనే, మనదేనా అన్న సందేహమూ వస్తుంది. నిజాం కట్టాడని మమ్మల్ని నిజాం వారసుల్ని చేసేవాళ్లున్నారు. మా తాత నిజాం కాలంలో కూడా సైకిళ్లకు గాలి కొట్టినవాడే. నిజాం పోయినప్పుడు మాకు పోయిన రాజ్యం లేదు. నిజాం ఉన్నప్పుడు మాకు వచ్చిన రాజ్యమూ లేదు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చినప్పుడు చచ్చినవాళ్లలో, ఆ తర్వాత నౌకర్లు ఊడినవాళ్లలో మాత్రం మా లాంటివాళ్లున్నారు.

ఒక తెల్లవారుజామున రోడ్డు పక్కన వేపచెట్టుకు నేనూ, నల్లగొండ జిల్లా మిత్రుడొకడూ వేలాడుతున్నాం. జీపు ఒకటి ఆగింది. ఇద్దర్నీ పేర్లడిగారు. అతని పేరు విని “ఏ సెలక్షన్‌కు తయారవుతున్నవ్ తమ్మీ” అన్నారు. నా పేరు విని “ఇక్కడేం పని? ఐడెంటిటీ కార్డేది” అన్నారు. ఒకటే చెట్టు, ఒకటే కొమ్మ, ఒకటే చెమట. నా కార్డు చూసి, తిప్పి చూసి, ఇచ్చేసి పోయారు. కొట్టలేదు, తిట్టలేదు. జరిగిందేమీ లేదని మీరనొచ్చు. నా మిత్రుడు మాత్రం ఆ రోజు మళ్లీ కొమ్మ పట్టుకోలేదు. “నన్నెందుకు అడగలేదు?” అని చాలాసేపు కూర్చున్నాడు. నాకు ఈ దేశం మీద ఇంకా నమ్మకం ఉందంటే అలా కూర్చున్నవాళ్ల వల్లనే.

ర్యాలీకి పోయాను. పరుగు బాగానే అయింది. బీమ్ మీద ఎనిమిది లాగాను. ట్యూబు లేకుండా, పూర్తిగా చేతులు చాచి, గడ్డం దాటించి ఎనిమిది. తర్వాత టేపు పెట్టారు. ఛాతీ 77 సెంటీమీటర్లుండాలి, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. నాకు ఒక సెంటీమీటరు తగ్గింది. ఒక్క సెంటీమీటరు! అది కసరత్తులో తగ్గింది కాదు, పళ్లెంలో తగ్గింది.

ఈ పళ్లెం గురించి చెప్పాలి. తార్నాకలో, మా క్యాంపస్‌ను ఆనుకునే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం చిన్నగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన తిండి పదార్థాల్లో దేనిలో ఎంత పోషకముందో లెక్కగట్టిన పట్టికలు అక్కడివే. వంద గ్రాముల గుడ్డులో 13.3 గ్రాముల మాంసకృత్తులు. శనగల్లో 17.1. పల్లీల్లో 25.3. గొర్రె మాంసంలో 18.5, బర్రె మాంసంలో 19.4. ఈ చివరి రెండు అంకెలు మళ్లీ చూడండి. గొర్రె కూర కన్నా పెద్దకూర ఏమాత్రం తక్కువది కాదు. ధర మాత్రం ఎప్పుడూ చాలా తక్కువ. పేద ముస్లిం, మాదిగ, మాల పిల్లవాడి ఒంట్లో కండ అనేది ఉందంటే అది చాలావరకూ పెద్దకూర పెట్టిందే. కేజీ బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని అదే సంస్థ 2020లో చెప్పింది. 55 కిలోల పిల్లవాడికి దాదాపు 46 గ్రాములు. లాగి లాగి అలసిపోయేవాడికి ఇంకా ఎక్కువే కావాలి. చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని పడుకునేవాడికి ఎక్కణ్ణుంచి వస్తాయి?

తిండి దగ్గర కూడా మాకు కార్డు అడుగుతారు. క్యాంపస్‌లో దొరికే తిండిలో మా తిండి ఉండకూడదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో దళిత విద్యార్థులు ముందుండి పెద్దకూర పండుగ చేశారు. మా తిండి మా హాస్టల్లో ఎందుకు ఉండకూడదని అడిగారు. ఆ రాత్రి క్యాంపస్‌లో ఘర్షణలు జరిగాయి. అడిగింది కూర మాత్రమే. ఆ కూర తిని గట్టిపడిన చేతులు మూటలు మోస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. పళ్లెంలో కనబడితేనే అభ్యంతరం.

“ఏమీ లేకుండానే సాధించారు చూడండి” అని పేదవాళ్లను పొగడటం మన దేశంలో ఒక అలవాటు. ఈ పొగడ్త నాకు భయమేస్తుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టులో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. అంతకుముందు నాలుగేళ్లు అందరూ ఆ ఉత్త కాళ్లను చూసి మురిసిపోయారు. చలిలో, తడి గడ్డి మీద, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. జట్టుకు కోచ్ మన హైదరాబాద్ బిడ్డ, ఉస్మానియాలో చదువుకుని మాస్టారుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కాళ్లకు బూట్లొచ్చాక, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాది రహీం సాబ్ కేన్సర్‌తో పోయారు. ఆ పిల్లల్లో పట్టుదల హెల్సింకిలో లేక మెల్‌బోర్న్‌లో వచ్చిందా? పట్టుదల అప్పుడూ ఉంది. బూట్లే లేవు.

నా తర్వాత మా ఆపా కొడుకు మొదలుపెట్టాడు. 2020లో లాక్‌డౌన్ వచ్చి జిమ్ములన్నీ మూతపడ్డాయి. పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు కూడా తలుపులకూ మెట్లకూ వేలాడటం మొదలుపెట్టారు. “మామూ, ఇప్పుడు అందరూ మన బస్తీవాళ్లే అయ్యారు” అని నవ్వాడు వాడు. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. కరోనాను మేమే తెచ్చామన్నారు. మా పండ్ల బండ్లను వీధుల్లోకి రావొద్దన్నారు. వాడు రాత్రుళ్లు లాగే తోపుడు బండి అటువంటిదే.

రెండేళ్లు ఫౌజు భర్తీ సరిగ్గా జరగలేదు. వాడు మాత్రం ఆపలేదు. రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక గంట ఆగి లాగేవాడు. అరచేతుల్లో కాయలు కాసి, చిట్లి, మళ్లీ కాసాయి. “ఫౌజులో నీకేం పని రా, అక్కడ మనవాళ్లను నమ్ముతారా” అని మా బంధువులు. “నువ్వు ఫౌజుకా, ఏ దేశం ఫౌజుకు?” అని దోస్తుల ముసుగులో ఉన్నవాళ్లు. రెండువైపులా ఒకటే ప్రశ్న. జవాబుగా మేం ప్రతిసారీ హవల్దార్ అబ్దుల్ హమీద్‌ను లేపుకొస్తాం. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల్ని పేల్చి, ప్రాణమిచ్చి, పరమవీర చక్ర పొందిన దర్జీ కొడుకు. 1948 జూలైలో కాశ్మీర్‌లో నౌషేరా దగ్గర ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్‌ను లేపుకొస్తాం. చచ్చిపోయినవాళ్లకు కూడా విశ్రాంతి లేదు. మా దేశభక్తికి సాక్ష్యం చెప్పడానికి సమాధుల్లోంచి లేచి రావాల్సిందే. పక్కింటి పిల్లవాడు జీతం కోసం ఫౌజులో చేరితే ఎవరూ తప్పుపట్టరు. మావాడు మాత్రం జీతం కోసమని చెప్పకూడదు. మాకు పేదరికం కూడా సరైన కారణం కాదన్నమాట.

2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ల నౌకరీ, ఆ తర్వాత నూటికి ఇరవై ఐదుగురికే కొనసాగింపు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆ పిల్లల కోపం రైళ్లను తగలబెట్టింది. కాల్పుల్లో వరంగల్ వైపు పిల్లవాడొకడు చనిపోయాడు. ఆ రోజు మా ఆపా కొడుకును గదిలో పెట్టి బయట గొళ్లెం పెట్టింది. వాడి కోపమూ వాళ్ల కోపమూ ఒకటే. కానీ ఆ గుంపులో వాడి పేరు దొరికితే, మర్నాడు పేపర్లో అది నిరుద్యోగుల గొడవగా మిగలదని ఆమెకు తెలుసు. మా అమ్మీ లెక్క ఆపాకు కూడా వచ్చేసింది. తరాలు మారినా ఆస్తిలా చేతులు మారుతున్నది మాకు ఈ లెక్కే.

ఆ ఏడాది చివర్లో ర్యాలీలో వాడు పది లాగాడు. పూర్తి 40 మార్కులు. ఛాతీ కూడా సరిపోయింది. రాతపరీక్ష తర్వాత మెరిట్ జాబితాలో వాడి పేరు లేదు. వయసు దాటింది. ఇప్పుడు తార్నాక, హబ్సిగూడల్లో బండి మీద తిండి పొట్లాలు చేరుస్తున్నాడు. దీనికి ఎవర్ని తిట్టను? వేలమంది రాశారు, కొందరికే వచ్చింది. అది అందరి బాధ. మా బాధ దానికి పైన ఇంకొకటి. 2006లో సచార్ కమిటీ చెప్పిన అంకెలు చూడండి. దేశ జనాభాలో 13.4 శాతమున్న ముస్లింలు ఐఏఎస్‌లలో 3 శాతం, ఐపీఎస్‌లలో 4 శాతం, రైల్వేల్లో 4.5 శాతం. ఇన్ని లక్షల ఇళ్లల్లో కష్టపడే పిల్లలే పుట్టలేదంటారా?

ఇంతవరకూ మగపిల్లల గురించే చెప్పాను. మా అమ్మాయి ఒకరోజు డాబా మీద నిచ్చెన మెట్టు పట్టుకుని వేలాడుతుంటే పక్కింటి చాచీ వచ్చి, ఆడపిల్లకు ఇదేం పని అంది. కండల మీద అనుమానం బయటివాళ్లకే ఉందనుకోకండి. మాలోనూ ఉంది, ఆడపిల్లల దగ్గర. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు, నిక్కరు వేసుకుంటుందని ముందు నసిగింది మనవాళ్లే. ఆమె తండ్రి వినలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె ప్రపంచ విజేత అయింది. అప్పుడు అందరూ మా బిడ్డ అన్నారు. గెలిచాక మా బిడ్డ అనడం తేలిక. వేలాడుతున్నప్పుడు అనాలి. మగపిల్లలకు వేపచెట్టయినా ఉంది, సెంట్రింగ్ పైపయినా ఉంది. ఆడపిల్లకు నలుగురి కళ్లు లేని చోటే లేదు. ఆమెకు పైపు ఇంకా ఎత్తులో ఉంది.

కొన్నేళ్లుగా నగరంలో పార్కుల్లో ఓపెన్ జిమ్ములు పెడుతున్నారు. మంచిదే. పార్కులున్న కాలనీలకు జిమ్ములొచ్చాయి. పార్కే లేని బస్తీకి ఏమొస్తుంది? మా బస్తీలో మేం ఒకటే అడుగుతున్నాం. రెండు ఇనుప స్తంభాలు, వాటిమీద చేతి పట్టుకు సరిపోయే ఒక పైపు, కింద కాస్త ఇసుక. ఏడున్నర అడుగుల ఎత్తులో ఒకటి, పిల్లల కోసం, ఆడపిల్లల కోసం ఐదడుగుల ఎత్తులో ఇంకొకటి. రెండు సిమెంటు బస్తాలు. బిగించడానికి మా మేస్త్రీలే ఉన్నారు, కూలీ కూడా అక్కర్లేదు. కావలసింది జాగా, అనుమతి. మసీదు కమిటీవాళ్లూ, గుడి కమిటీవాళ్లూ ఈ ఒక్క పనికి కలిసి సంతకం పెడితే ఆ జాగా దొరక్కపోదు. మసీదుకు మినార్ ఎత్తు పెంచడానికి చందాలిచ్చే మా పెద్దలకు కూడా చెబుతున్నాను, ఒక్క ఏడాది మినార్ పొట్టిగా ఉంటే అల్లాకు కోపం రాదు.

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. మీరు మా కోసం సభల్లో మాట్లాడతారు, కృతజ్ఞతలు. మాట్లాడటంతోపాటు మీ కాలనీ పార్కు గేటు దగ్గర మా పిల్లవాణ్ణి ఎవరైనా ఆపి పేరడిగితే, మీ పేరు కూడా అడగమనండి. ఆనాడు వేపచెట్టు కింద నా మిత్రుడు అడిగినట్టు, నన్నెందుకు అడగలేదని అడగండి. మాకు కావలసింది మీరు మా బదులు లాగడం కాదు. మా చేతులు మాకున్నాయి, కాయలు కూడా కాసాయి. పది దాకా లెక్కపెట్టడం మాకు వచ్చు. పైపు పాతిన రోజున వచ్చి మాతోపాటు లెక్కపెట్టండి.